రాష్ట్రం ఒప్పుకుంది, మరి వీసా ఆఫీసరు?

న్యూజెర్సీ నుంచి రాసిన పాఠకుడు పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారాంశం ఇది.

ఆయన హెచ్-1బి మీద ఎడిసన్ దగ్గర ఉంటున్నారు. కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమై, ఉన్నత చదువులవాళ్ళ ఈబీ-2 వరసలో గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నారు. భార్య హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది, పని చేసుకోవడానికి ఈఏడీ కార్డు ఉంది. అక్కడే పుట్టిన నాలుగేళ్ళ పాప. గత ఏడాదిన్నరలో స్నేహితుల ఇళ్ళలో నాలుగైదుసార్లు గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు, అంటే గమ్మీలు, తిన్నారు. రెండుసార్లు తనే గంజాయి అమ్మే లైసెన్సు దుకాణానికి, అంటే డిస్పెన్సరీకి వెళ్ళి, డ్రైవింగ్ లైసెన్సు చూపించి, డెబిట్ కార్డుతో కొన్నారు. ఆఖరిసారి తెచ్చిన ప్యాకెట్‌లో సగం ఫ్రిజ్‌లో ఉండగా భార్య కంటపడింది. “గంజాయి కేసంటే మా ఊళ్ళో ఇంటి పరువు పోతుంది, నువ్వు పాప పెరుగు డబ్బా పక్కన పెట్టావా” అని ఆవిడ. “ఇక్కడ ఇది బ్రాందీ షాపు లాంటిదే, సర్కారే లైసెన్సిచ్చి పన్ను వసూలు చేస్తోంది” అని ఈయన. రెండు వారాలుగా ఇంట్లో మాటల్లేవు.

ఈలోగా మూడు వ్యవహారాలు వచ్చిపడ్డాయి. తమ్ముడి పెళ్ళికి హైదరాబాదు వెళ్ళాలి, వీసా స్టాంపు గడువు తీరిపోయింది కాబట్టి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్ తప్పదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపుతుంటే మాదకద్రవ్యాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. దానికన్నా ముందు డాలస్ వెళ్ళాలి. అక్కడి బావమరిది “వచ్చేటప్పుడు రెండు ప్యాకెట్లు పట్రా బావా” అన్నాడు. ఇక భార్యకు న్యూజెర్సీలోనే గంజాయి అమ్మే ఒక లైసెన్సు కంపెనీ నుంచి డేటా అనలిస్టు ఉద్యోగం వచ్చింది. “తినడం తప్పుగానీ కంప్యూటర్ ముందు కూర్చుని అమ్మకాల లెక్కలు చూడటంలో తప్పేముంది” అంటోందట. ఆయన అడిగినవి: రాష్ట్రం ఒప్పుకున్నాక నేను నేరం చేసినట్టా, చేయనట్టా? ఫారంలో ఏం రాయాలి? ఆవిడ ఆ ఉద్యోగంలో చేరొచ్చా?

సమాధానం:

మొదటి ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే. న్యూజెర్సీ చట్టం దృష్టిలో మీరు నేరం చేయలేదు. అమెరికా సమాఖ్య (కేంద్ర) చట్టం దృష్టిలో, కొన్న ప్రతిసారీ, జేబులో పెట్టుకున్న ప్రతిసారీ చేశారు. మీ పక్కింటి అమెరికన్ పౌరుడికి ఈ రెండో జవాబుతో ఆచరణలో పెద్దగా పనిపడదు. మీకు పడుతుంది. ఎందుకంటే మీరు ఆ దేశంలో ఉండటానికి అనుమతి ఇచ్చింది న్యూజెర్సీ కాదు. వీసా, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94, గ్రీన్ కార్డు, పౌరసత్వం అన్నీ సమాఖ్య ప్రభుత్వం చేతిలోవి, వాటిని చూసే అధికారి తెరిచేది సమాఖ్య చట్టపు పుస్తకమే.

1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు అన్నిటికన్నా కఠినమైన షెడ్యూల్ 1లో పెట్టింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు సరదా వాడకాన్ని ఒప్పుకోవడంతో మొదలై, ఇప్పటికి 24 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ ఆ దారి పట్టాయి. వాటిలో ఏ ఒక్కటీ సమాఖ్య చట్టాన్ని మార్చలేదు, మార్చే అధికారం వాటికి లేదు. మా పోలీసులు పట్టుకోరు, మా కోర్టులు శిక్షించవు అని మాత్రమే అవి చెప్పగలవు. ఆంక్షలు తక్కువుండే షెడ్యూల్ 3కి దించాలన్న ప్రతిపాదన 2024 మేలో వచ్చింది, దాన్ని త్వరగా తేల్చమని 2025 డిసెంబరులో అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో “ఇక లీగల్ అయిపోయింది” అని తిరిగింది ఈ వార్తే. షెడ్యూల్ 3లో ఉన్నా అది నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ చట్టం ఏ షెడ్యూలు అని అడగదు, నియంత్రిత పదార్థమా కాదా అని మాత్రమే అడుగుతుంది.

మీరన్న బ్రాందీ షాపు పోలిక సగం దూరమే వెళ్తుంది. మద్యం దుకాణంలో మీరు క్రెడిట్ కార్డు గీకుతారు. డిస్పెన్సరీలో నోట్లో, డెబిట్ కార్డో అడుగుతారు. సమాఖ్య చట్టం కింద ఆ వ్యాపారం నేరం కాబట్టి పెద్ద కార్డు కంపెనీలు దాని జోలికి రావు. ఆ తేడా మీరు కౌంటర్ దగ్గరే చూశారు, కారణం అడగలేదంతే.

రాష్ట్ర చట్టాన్ని కూడా జనం అనుకున్నంత ధారాళంగా రాయలేదు. న్యూజెర్సీలో 2021 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది, 2022 ఏప్రిల్ 21న దుకాణాలు తెరిచారు. 21 ఏళ్ళు నిండినవాళ్ళు 6 ఔన్సుల దాకా, అంటే సుమారు 170 గ్రాములు, దగ్గర పెట్టుకోవచ్చు. ఒక్కసారికి కొనగలిగేది మాత్రం 1 ఔన్సు పువ్వు, లేదా అందుకు సమానంగా లెక్కగట్టిన 1000 మిల్లీగ్రాముల గమ్మీల వంటివి. కుండీలో ఒక్క మొక్క పెంచినా నేరం. హడ్సన్ నది దాటి న్యూయార్క్ వెళ్తే మనిషికి ముదురువి మూడు, లేతవి మూడు మొక్కలు పెంచుకోవచ్చు. డెలావేర్ నది మీద వంతెన దాటి ఫిలడెల్ఫియా వైపు వెళ్తే సరదా వాడకమే నేరం: పెన్సిల్వేనియాలో 30 గ్రాముల లోపు దొరికితే 30 రోజుల దాకా జైలు, 500 డాలర్ల దాకా జరిమానా. ఇల్లినాయిలో ఆ రాష్ట్రవాసికి 30 గ్రాములైతే బయటినుంచి వచ్చినవాడికి 15. వర్జీనియాలో దగ్గర ఉంచుకోవడానికి 2021లోనే అనుమతి వచ్చింది గానీ అమ్మే దుకాణాలు ఆ వెంటనే రాలేదు. కాబట్టి “అమెరికాలో ఓకే” అనే మాటకు అర్థమే లేదు, ఏ రాష్ట్రం, ఎంత, ఏ రూపంలో అని అడగాలి.

పైగా ఒకే రాష్ట్రంలో కూడా సమాఖ్య నేల ఉంటుంది. మీ న్యూజెర్సీలోనే వేసవిలో మనవాళ్ళు కార్లు కట్టుకుని వెళ్ళే శాండీ హుక్ బీచ్ జాతీయ పార్కుల శాఖ కింద ఉంది. అక్కడ పార్కు పోలీసు చేతికి దొరికితే రాష్ట్ర చట్టం అక్కరకు రాదు. సమాఖ్య చట్టం కింద మొదటిసారి దగ్గర ఉంచుకున్నందుకు ఏడాది దాకా జైలు, కనీసం 1000 డాలర్ల జరిమానా ఉన్నాయి. పోస్టల్ పార్సిల్, విమానం, సమాఖ్య కార్యాలయాలు కూడా అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇమిగ్రేషన్ చట్టం 212వ సెక్షన్ ప్రకారం, మాదకద్రవ్యాల చట్టం కింద శిక్ష పడ్డవాళ్ళకే కాదు, ఆ నేరం చేశామని ఒప్పుకున్నవాళ్ళకు, ఆ నేరానికి సరిపోయే పనులు చేశామని ఒప్పుకున్నవాళ్ళకు కూడా ప్రవేశం నిరాకరించవచ్చు. కేసు లేకపోయినా, అరెస్టు లేకపోయినా. మీ మెడకు చుట్టుకోగలిగింది ఈ ఒప్పుకోలే. మీమీద పోలీసు రికార్డు ఏదీ లేదని రాశారు, అది మంచిదే. కానీ మీ నోటి మాట, మీ చేతి రాత కూడా రికార్డేనని గుర్తుంచుకోండి.

ఈ ఒప్పుకోలుకు ఒక హద్దుంది. 1957లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు ఇచ్చిన తీర్పు ప్రకారం, అధికారి ముందుగా ఆ నేరం ఏమిటో, అందులో ఏయే అంశాలుండాలో మామూలు మాటల్లో వివరించాలి. ఆ తర్వాత మీరు బలవంతం లేకుండా ఒప్పుకోవాలి. “పార్టీలో ఏదో తిన్నాను” అన్న ప్రతి మాటా చట్టరీత్యా ఒప్పుకోలు కాదు. ఈ తేడాతో లాయరు వాదించగలడు. కానీ కౌంటర్ అవతల కూర్చున్న కాన్సులర్ అధికారితో మీరు వాదించలేరు, ఆయన నిర్ణయం మీద కోర్టుకు వెళ్ళే దారి కూడా చాలా ఇరుకైనది.

ఇంకో మెలిక. దేశంలో ఉన్నవాళ్ళను పంపించేసే నిబంధనలో చిన్న వెసులుబాటుంది: సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయితో ఒకే ఒక్కసారి శిక్ష పడితే దాని మీద పంపించరు. మనవాళ్ళలో చాలామంది దీన్ని పట్టుకుని ధీమాగా ఉంటారు. లోపలికి రానిచ్చే నిబంధనలో ఆ వెసులుబాటు లేదు. అంటే చిన్న కేసు ఉన్న హెచ్-1బి మనిషి ఎడిసన్‌లో ఉన్నన్నాళ్ళు ఏమీ కాదు, అమ్మానాన్నలను చూడటానికి హైదరాబాదు వచ్చాడా, తిరిగి వెళ్ళలేకపోవచ్చు. గ్రీన్ కార్డు దశలో మినహాయింపు అడిగే దారి ఒకటుంది. అదీ 30 గ్రాముల లోపు, ఒకే ఒక్క ఘటనకు. పౌరులో గ్రీన్ కార్డుదారులో అయిన భార్యకో, బిడ్డకో, తల్లిదండ్రులకో తీవ్ర కష్టం కలుగుతుందని చూపాలి. మీ పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఆ షరతు వరకు సరే. కానీ మీ ఉత్తరంలో “నాలుగైదుసార్లు” అని ఉంది. ఆ మాటకు ఎంత బరువుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాన్ని ఈమెయిల్లో, వాట్సాప్‌లో మళ్ళీ ఎవరికీ రాయకండి.

డీఎస్-160 దగ్గర మీ ముందున్న దారులు మూడు. మూడింటికీ ఖరీదుంది.

ఒకటి, ఇప్పుడు వెళ్ళకపోవడం. స్టాంపు గడువు తీరినా ఐ-94 గడువు ఉన్నంతకాలం, పొడిగింపు కంపెనీ వేస్తున్నంతకాలం మీరు ఆ దేశంలో సక్రమంగానే ఉన్నట్టు. స్టాంపు లోపలికి వచ్చేటప్పుడు చూపే కాగితం మాత్రమే. దీనివల్ల తమ్ముడి పెళ్ళి పోతుంది, అది చిన్న నష్టమని నేననను. సమస్య వాయిదా పడుతుందే తప్ప పోదు కూడా: రేపు గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 వేసినప్పుడు ఇదే ప్రశ్న ఇంకా వివరంగా వస్తుంది. అయితే మధ్యలో గడిచిన శుభ్రమైన కాలం ఆరోగ్య పరీక్ష విషయంలో మీకు మేలు చేస్తుంది. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో డాక్టరు మత్తు పదార్థాల వాడకం గురించి తప్పక అడుగుతారు. వాడకం రుగ్మత ఉందని రాస్తే 12 నెలల విరామం చూపించేదాకా దరఖాస్తు కదలదు.

రెండు, లాయరుతో కూర్చుని, జవాబు ఎలా ఉండాలో తేల్చుకుని, నిజం చెప్పి స్టాంపింగ్‌కు వెళ్ళడం. “అవును” అని రాస్తే ప్రశ్నలు పడతాయి. కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరకు పంపవచ్చు, వీసా నిరాకరించవచ్చు. నిరాకరిస్తే తాత్కాలిక వీసాదారులకు మినహాయింపు ఉంది. కాన్సులేట్ సిఫారసు చేయాలి, కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ సంస్థలో దానికంటూ ఉన్న కార్యాలయం ఒప్పుకోవాలి. నెలలు పట్టే పని. అన్నాళ్ళు మీరు హైదరాబాదులో, ఉద్యోగం న్యూజెర్సీలో. కంపెనీ ఆగుతుందా, ఇంటి అద్దె, కారు వాయిదా ఎవరు కడతారు అన్న లెక్క టికెట్ కొనకముందే వేసుకోవాలి.

మూడు, “లేదు” అని టిక్ పెట్టేసి వెళ్ళడం. చాలామంది చేసేది ఇదే, మీ స్నేహితులూ ఇదే చెప్పి ఉంటారు. నేను చెప్పను. వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు ఎప్పుడు తేలినా, పదేళ్ళ తర్వాత గ్రీన్ కార్డు ఇంటర్వ్యూలో తేలినా, దానికి పడే నిషేధానికి కాలపరిమితి లేదు. గమ్మీ తిన్నదానికన్నా అబద్ధం పెద్ద నేరమై కూర్చుంటుంది. అడిగినదానికి జవాబు చెప్పనని నోరు మూసుకునే హక్కు మీకుంది, వీసా ఇవ్వనని అనే హక్కు వాళ్ళకుంది. అబద్ధం చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

వీటిలో ఏది ఎంచుకున్నా మొదట చేయాల్సింది ఒకటే: ఫారం సబ్మిట్ చేయకముందు సొంత డబ్బుతో సొంత ఇమిగ్రేషన్ లాయరును కలవండి. కంపెనీ లాయరుతో మొదలుపెట్టవద్దు. ఆయన మీ హెచ్-1బి చూసేది నిజమే గానీ ఆయన కక్షిదారు ప్రధానంగా కంపెనీ, మీరు చెప్పింది కంపెనీకి చెప్పాల్సిన పరిస్థితి రావచ్చు. నేరాలు, ఇమిగ్రేషన్ రెండూ కలిసే కేసులు చూసినవాళ్ళను వెతకండి. అమెరికన్ ఇమిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్ వాళ్ళ జాబితాలో విభాగాలవారీగా దొరుకుతారు. వెళ్ళేటప్పుడు ఐ-797లు (ఆమోద పత్రాలు), ఐ-94, ఐ-140 ఆమోదం, పాత డీఎస్-160ల ప్రతులు పట్టుకెళ్ళండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొన్నారు అన్నది నోటితో చెప్పండి. ఆ మాటలకు గోప్యత హక్కు ఉంటుంది. నాకు రాసిన ఉత్తరానికి ఆ రక్షణ లేదు, అందుకే మీ ఊరి వివరాలు కొన్ని ఇక్కడ మార్చాను.

డ్రాప్‌బాక్స్‌లో కాగితాలు పడేసి, ఇంటర్వ్యూ లేకుండా వద్దామనుకుంటే, 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి వాళ్ళకు ఆ సదుపాయం పోయింది, మనిషి ఎదుట నిలబడాల్సిందే. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా చూస్తున్నారు, ప్రొఫైల్ అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు. వారాంతపు పార్టీలో ఎవరో మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటో ఉందేమో చూసుకోండి. గాభరాపడి ఖాతాలన్నీ తుడిచేయకండి, అదే అనుమానం రేపుతుంది. ఏం చేయాలో లాయరును అడిగి చేయండి. తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఫోన్ తెరిచి చూసే అధికారం వారంటు లేకుండానే బోర్డర్ అధికారులకు ఉంది. అక్కడ పక్క గదికి తీసుకెళ్ళి వాంగ్మూలం రాస్తే, అర్థం కాని వాక్యం ఒక్కటున్నా సంతకం పెట్టకండి. తెలుగు దుబాసీని అడగవచ్చు. లోపలికి రానివ్వరని తేలిపోతే, ప్రవేశ దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని అడగండి. ఒప్పుకోవడం వాళ్ళ ఇష్టం, కానీ అప్పటికప్పుడు పంపించేసే ఉత్తర్వు పడితే అయిదేళ్ళ నిషేధం, అది తప్పించుకోవడానికి ఇదొక దారి.

మీ ఆవిడ ఉద్యోగం సంగతి. ఇక్కడ మాత్రం నా అభిప్రాయం దాచుకోను: మీరు తిన్న గమ్మీల కన్నా ఈ ఆఫర్ చాలా ప్రమాదకరం. తినడం స్వాధీనం కిందికి వస్తుంది. లైసెన్సున్న కంపెనీ అయినా సమాఖ్య చట్టం దృష్టిలో అది గంజాయి వ్యాపారం, అంటే అక్రమ రవాణా. 212వ సెక్షన్‌లోనే దానికి వేరే నిబంధన ఉంది. అందులో శిక్ష అక్కర్లేదు, ఒప్పుకోలు అక్కర్లేదు, తెలిసి సహకరించారని “నమ్మడానికి కారణం” ఉంటే చాలు. అమ్మకాల లెక్కలు చూసే డేటా అనలిస్టు సహకరించలేదని వాదించడం కష్టం. పే స్లిప్పే సాక్ష్యం, ఏటా ఇచ్చే జీతం, పన్ను కాగితం డబ్ల్యూ-2 మీద కంపెనీ పేరే సాక్ష్యం. గ్రీన్ కార్డు దశలో ఈ నిబంధనకు మినహాయింపు లేదు. డిస్పెన్సరీ ఉద్యోగాలు రాష్ట్రంలో చట్టబద్ధమైనా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో విధానంగానే ప్రకటించింది.

ఇది ఆవిడ ఒక్కరి లెక్క కాదు. అలాంటి వ్యాపారం చేసినవాళ్ళ భార్య, భర్త, కొడుకు, కూతురు గత అయిదేళ్ళలో ఆ డబ్బుతో లాభపడి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి ఉంటే వాళ్ళకూ ప్రవేశం లేదని అదే నిబంధన రెండో భాగం చెబుతుంది. ఆవిడ జీతం ఉమ్మడి ఖాతాలో పడి, అందులోంచి అద్దె కడితే మీరూ అందులోకే వస్తారు. ఆవిడకు ఈఏడీ ఉంది కదా, ఎక్కడైనా చేయొచ్చు కదా అంటారేమో. ఈఏడీ పని చేయడానికి అనుమతే గానీ ఏ పనికైనా మాఫీ పత్రం కాదు. ఆఫర్ వదులుకుంటే కొన్ని నెలల జీతం పోతుంది, చేరితే ఇద్దరి గ్రీన్ కార్డూ పందెంలో పెట్టినట్టు. గంజాయి దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఐటీ కంపెనీలు, వాటికి భవనాలు అద్దెకిచ్చేవాళ్ళు, వాటి షేర్లు కొనేవాళ్ళు కొంచెం దూరపు వరసలో ఉంటారు. అక్కడ జవాబు కేసును బట్టి మారుతుంది, అదీ లాయరు చూడాల్సిందే. ఆవిడకు వచ్చింది మాత్రం దూరపు వరస కాదు.

బావమరిది అడిగిన ప్యాకెట్ల గురించి. టెక్సస్‌లో ఆకు, పువ్వు రూపంలో 2 ఔన్సుల లోపైతే చిన్న కేసు. గమ్మీలు, వేప్ పెన్నుల వంటి సారం తీసిన సరుకుకు వేరే పట్టిక, అక్కడ గ్రాము లోపు దొరికినా ఫెలనీయే, అంటే పెద్ద నేరమే. పైగా ఆ పట్టికలో చక్కెర, జిలెటిన్‌తో సహా మొత్తం బరువు తూస్తారు. పది గమ్మీల ప్యాకెట్ 40 గ్రాములు తూగిందనుకోండి, 4 నుంచి 400 గ్రాముల వరస కిందికి పోతుంది: 2 నుంచి 20 ఏళ్ళ శిక్ష. ఎడిసన్‌లో చట్టబద్ధంగా కొన్న ప్యాకెట్టే. విమానాశ్రయంలో తనిఖీ చేసే టీఎస్ఏ వాళ్ళు గంజాయి కోసం పనిగట్టుకుని వెతకరు గానీ బ్యాగులో కంటపడితే పోలీసులకు అప్పగిస్తారు. ఇంకొకరి కోసం తీసుకెళ్తున్నారు కాబట్టి, డబ్బు తీసుకోకపోయినా, సమాఖ్య చట్టం దాన్ని పంపిణీ అంటుంది. న్యూజెర్సీ చట్టం మాత్రం ఔన్సు దాకా ఊరికే ఇచ్చుకోవచ్చంటుంది. మీ పార్టీల్లో ఒకరికొకరు అందించుకున్న గమ్మీల మీద కూడా ఇదే రెండు నాల్కల తీర్పు.

డాలస్ పెట్రోలు బంకుల్లో, వేప్ షాపుల్లో మత్తు లేని గంజాయి రకమైన హెంప్ పేరుతో, మత్తునిచ్చే డెల్టా-8 గమ్మీలు దొరుకుతాయి కదా అని బావమరిది అనొచ్చు. 2018 ఫార్మ్ బిల్లు ఎండిన మొక్క బరువులో, గంజాయిలో మత్తునిచ్చే డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే హెంప్ అంది, ఆ సందులోంచి వచ్చిన సరుకది. 2025 నవంబరులో కాంగ్రెస్ ఆ సందు మూసింది. ఏడాది గడువు తర్వాత డబ్బాకు మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు మించితే అది హెంప్ కాదు. ఇప్పుడు కొన్నా లేబుల్ మీద రాసిందే లోపల ఉందన్న భరోసా లేదు, ఉద్యోగం కోసం చేసే మూత్ర పరీక్షలో అది గంజాయిగానే తేలవచ్చు.

ఎక్కడైనా పోలీసు కేసు పడితే, క్రిమినల్ లాయరు “నేరం ఒప్పుకో, ప్రొబేషన్‌తో వదిలేస్తారు, తర్వాత రికార్డు కొట్టేస్తారు” అంటాడు. పౌరుడికి అది మంచి బేరం. మీకు కాదు. నేరం ఒప్పుకుని, కోర్టు ఏ రకమైన కట్టడి పెట్టినా ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష కిందే లెక్క. తర్వాత రాష్ట్రం కొట్టేసినా కొట్టేసినట్టు కాదు. 2010లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన పడిల్లా కేసు ఇదే: నలభై ఏళ్ళుగా గ్రీన్ కార్డుతో ఉన్న, వియత్నాం యుద్ధంలో పనిచేసిన లారీ డ్రైవరు, గంజాయి రవాణా కేసులో లాయరు మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. దేశం నుంచి పంపేస్తారన్న సంగతి లాయరు చెప్పలేదు. చెప్పి తీరాలని కోర్టు అంది. కాబట్టి “దీనివల్ల నా వీసాకు ఏమవుతుంది” అని అడగడం మీ హక్కు. గంజాయి మత్తులో కారు నడిపి పట్టుబడితే ఇంకా తొందరగా తెలుస్తుంది: తీర్పుకన్నా ముందే, అరెస్టు సమాచారం మీదే కాన్సులేట్ వీసా రద్దు చేయగలదు.

హైదరాబాదు సామాన్లలో ఒక్క గమ్మీ, ఒక్క వేప్ పెన్ను కూడా ఉండకూడదు. భారత మాదకద్రవ్యాల చట్టమైన 1985 ఎన్‌డీపీఎస్ చట్టానికి న్యూజెర్సీ బిల్లుతో పనిలేదు, శంషాబాద్‌లో దిగితే అది దేశంలోకి దిగుమతి చేసిన మాదకద్రవ్యం. వేప్ పెన్నును 2019లోనే వేరే చట్టంతో నిషేధించారు. పాత జాకెట్ జేబులు, లాప్‌టాప్ బ్యాగు లోపలి అర ఒకసారి తిరగేసి చూడండి.

మెడికల్ మరిజువానా కార్డు తీసుకుంటే రక్షణ ఉంటుందని ఎవరైనా చెప్తే వినకండి. ఇమిగ్రేషన్ చట్టానికి వైద్యం, సరదా తేడా లేదు. మీ పేరుతో, ఫొటోతో సహా మీ వాడకాన్ని మీరే నమోదు చేయించుకున్నట్టు అవుతుంది. డిస్పెన్సరీ లాయల్టీ పాయింట్లూ అంతే.

ఇక ఇంటి సంగతి. ఫ్రిజ్‌లో ఉన్న సగం ప్యాకెట్ విషయంలో మీ ఆవిడ చెప్పిందే నిజం, దానికి వీసాతో సంబంధం లేదు. గమ్మీ చూడటానికి మామూలు చాక్లెట్ దుకాణంలో దొరికేదానిలాగే ఉంటుంది. పెద్దవాళ్ళకు ఒక మోతాదు 5 నుంచి 10 మిల్లీగ్రాములు. నాలుగేళ్ళ పిల్ల నాలుగు తింటే ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుంది, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. తిన్నది రక్తంలోకి ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, అందుకే పెద్దవాళ్ళు కూడా “ఏమీ కాలేదు” అని ఇంకోటి వేసుకుని అవస్థ పడతారు. పాప తిన్నట్టు అనుమానం వచ్చినా, మగతగా ఉన్నా, వీసా భయంతో ఆలస్యం చేయకుండా పాయిజన్ కంట్రోల్‌కు 1-800-222-1222లో ఫోన్ చేయండి. ఊపిరి సరిగ్గా ఆడకపోతే 911. మిగిలిన ప్యాకెట్‌ను వాడేసిన కాఫీ పొడిలో నలిపి, కవర్లో మూటకట్టి, ఈ రోజే చెత్తలో వేయండి.

ఆవిడతో మాట్లాడేటప్పుడు “ఇక్కడ లీగల్” అన్న మాట వదిలేయండి. ఆవిడ వీసా మీ వీసా మీద ఆధారపడి ఉంది, మీరు కొన్నప్పుడు ఆవిడను అడగలేదు. ఆవిడ కోపంలో ఆ భాగం న్యాయమైనదే. ఉద్యోగం వద్దని చెప్పే వంతు కూడా మీది కాకుండా చూసుకోండి. “నువ్వు తిన్నావు, నేను మాత్రం మానుకోవాలా” అన్న వాదన అక్కడే మొదలవుతుంది. లాయరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఆఫర్ లెటరు కూడా పట్టుకెళ్ళండి. ఆ అయిదేళ్ళ నిబంధన ఆయన నోటినుంచి ఇద్దరూ ఒకేసారి వింటే ఇంట్లో రెండు వారాల వాదన మిగలదు. కంపెనీ జవాబుకు గడువు పెట్టి ఉంటే వారం పొడిగించమని అడగమనండి, మామూలుగా ఇస్తారు.

పెళ్ళి తేదీ మీరు రాయలేదు. మూడు నెలలకన్నా దగ్గర్లో ఉంటే రెండో దారి మీద ఆశ పెట్టుకోకండి. స్టాంపింగ్ స్లాటు, లాయరుతో పని, ఒకవేళ పడే ప్రశ్నలు అన్నీ అందులో ఇమడవు. తమ్ముడికి ఈ వారంలోనే ఫోన్ చేసి, వీసా కాగితాల ఇబ్బంది ఉంది, రాలేకపోవచ్చు అని చెప్పండి. అంతకుమించి వివరం అక్కర్లేదు.